ఫ్లయింగ్ క్లబ్‌లో తొలి సోలో దాకా: సెస్నా 152 మీద సర్క్యూట్ నేర్చుకునే పద్ధతి

ఫ్లయింగ్ క్లబ్‌లో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలోనే అడిగే ప్రశ్న: "సోలో ఎప్పుడు ఇస్తారు సార్?" సోలో అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కరే ఎగరడం. అది ఎప్పుడన్నదానికి గంటల లెక్కలో జవాబు దొరకదు. టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక చుట్టును (దీన్నే సర్క్యూట్ అంటారు) ఇన్‌స్ట్రక్టర్ నోరు మెదపకుండా, చెయ్యి పెట్టకుండా, వరసగా నాలుగైదుసార్లు ఒకే తీరుగా తిప్పగలిగితే ఆయన దిగిపోతారు. కొందరికి 12 గంటల్లో వస్తుంది, కొందరికి 20 దాటుతుంది.

చాలామంది ల్యాండింగ్ రావడం లేదని బాధపడుతూ చివరి 20 అడుగుల మీదే దృష్టంతా పెడతారు. అసలు తప్పు అంతకు రెండు నిమిషాల ముందు, డౌన్‌విండ్‌లోనో (రన్‌వేకు సమాంతరంగా, ఎగిరిన దిశకు ఎదురుగా పోయే భాగం) బేస్‌లోనో (ఆ తర్వాత రన్‌వే గీత వైపు తిరిగి వచ్చే భాగం) జరిగి ఉంటుంది. అందుకే ఇక్కడ సర్క్యూట్‌కే ఎక్కువ చోటిచ్చాం.

కింది అంకెలన్నీ సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానానివి. వేగాలు నాట్లలో, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. మీ క్లబ్‌లో 172 ఉంటే అంకెలు మారతాయి. ఏ విమానమైనా దానిలో ఉండే హ్యాండ్‌బుక్కే ఆఖరి మాట.

1. కాగితాలు

స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు, అంటే ఎస్పీఎల్‌కు, కనీస వయసు 16 ఏళ్లు. ప్రైవేట్ లైసెన్సుకు 17, కమర్షియల్‌కు 18. ఎస్పీఎల్‌కు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన వైద్యుడి దగ్గర క్లాస్ 2 మెడికల్ కావాలి. పైలట్ ఉద్యోగం దాకా వెళ్లాలనుకునేవాళ్లకు క్లాస్ 1 కూడా తప్పదు. కాబట్టి కంటిచూపు, రంగులు గుర్తించే శక్తి, ఈసీజీ వంటివాటిలో తేడా ఉందేమో క్లబ్‌కు పెద్ద మొత్తం కట్టకముందే చూపించుకోవడం తెలివైన పని. లక్షలు కట్టాక మెడికల్‌లో ఆగిపోతే ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం తలనొప్పి.

2. సర్క్యూట్ కంటే ముందు

సర్క్యూట్లు మొదలుపెట్టేలోపు నాలుగు పనులు చేతికి అలవాటు కావాలి: సమతలంగా నేరుగా ఎగరడం, ఎక్కడం, దిగడం, మలుపు. వాటితోపాటు స్టాల్, అంటే రెక్క విమానాన్ని మోసే శక్తి కోల్పోవడం. వీటిలో ఏది అరకొరగా ఉన్నా సర్క్యూట్లలో గంటలు వృథా అవుతాయి. ముఖ్యంగా ట్రిమ్, అంటే చేతిబలం లేకుండానే ముక్కు పెట్టినచోట నిలిచేలా సర్దడం. యోక్‌ను (చేత్తో తిప్పే కంట్రోల్ చక్రం) బిగించి పట్టుకుని ఎగిరేవాడికి విమానం చెప్పేది వినబడదు. సమతలానికి వచ్చేటప్పుడు వరస ఇదే: ముందు ముక్కు ఎక్కడుండాలో పెట్టండి, తర్వాత పవర్ సరిచేయండి, వేగం కుదురుకున్నాక ట్రిమ్ చక్రం తిప్పండి. రెండు వేళ్లతో పట్టుకున్నా విమానం కదలకుండా ఉంటే ట్రిమ్ కుదిరినట్టు.

3. ఎగిరే రోజు ఉదయం

మన దగ్గర శిక్షణ సార్టీలు (ఒక్కో విడత ఎగరడం ఒక సార్టీ) తెల్లవారాక మొదటి రెండు మూడు గంటల్లో దొరికితే అదృష్టం. పదకొండు దాటాక నేల కాగి, వేడిగాలి పైకి తన్నుతుంటే డౌన్‌విండ్‌లో ఎత్తు నిలబెట్టుకోవడమే పెద్ద పనవుతుంది.

వేడి వల్ల కుదుపులే కాదు, విమానం బలమూ తగ్గుతుంది. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11.5 డిగ్రీలు. మే నెలలో 40 డిగ్రీలుంటే తేడా 28.5. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,420 అడుగులు కలుస్తాయి. అంటే ఇంజిన్‌కూ రెక్కకూ ప్రొపెల్లర్‌కూ ఆ రన్‌వే 5,100 అడుగుల పైన ఉన్నట్టే లెక్క. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో 725 అడుగుల పరుగుతో లేచే విమానం ఇక్కడ వెయ్యికి అటూఇటూ తీసుకుంటుంది. నిమిషానికి 715 అడుగులు ఎక్కాల్సింది 500 దగ్గర పాకుతుంది. ఇలాంటి రోజున ముక్కు ఇంకాస్త పైకెత్తి ఎక్కిద్దామని చూడకండి. వేగం పడిపోయి ఉన్న ఎక్కుడూ పోతుంది.

బరువు లెక్క కూడా కాగితం మీద వేయండి. 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. ఖాళీ బరువు విమానాన్ని బట్టి మారుతుంది, 520 అనుకుందాం. నిండా ఇంధనం పోస్తే వాడుకోదగ్గది 93 లీటర్లు, అంటే 67 కిలోలు. మిగిలింది 170. ఇద్దరూ కాస్త బొద్దుగా ఉంటే ట్యాంకు నింపడానికి వీల్లేదు.

క్లబ్‌కు చేరాక బ్రెత్ అనలైజర్ పరీక్ష ఉంటుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడి వచ్చినా మీటరు చూపిస్తుంది, ఆ పైన సంజాయిషీలు. పొద్దున మామూలు పళ్లపొడితోనో పేస్టుతోనో సరిపెట్టుకోండి.

4. విమానం చుట్టూ తిరగడం

క్యాబిన్‌లో మొదలుపెట్టండి. కంట్రోల్స్ కదలకుండా పెట్టే లాక్ తీసేయాలి, మ్యాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) స్విచ్ ఆఫ్‌లో ఉండాలి, తాళం చెవి మీ జేబులో ఉంటే ఇంకా మంచిది. మాస్టర్ (కరెంటు స్విచ్) ఆన్ చేసి ఇంధనం మీటర్లు చూసి, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) దించి, మాస్టర్ ఆఫ్ చేయండి. తర్వాత ఎడమ పక్క నుంచి తోక మీదుగా ఒక చుట్టు. ఇక్కడ చెక్‌లిస్ట్ మొత్తం ఏకరువు పెట్టడం లేదు. విద్యార్థులు పైపైన చూసి వదిలేసేవి మాత్రమే చెబుతాం.

ఇంధనం: రెండు రెక్కల కింద, ఇంజిన్ స్ట్రెయినర్ (ఇంధనం వడపోత) దగ్గర గాజు కప్పులోకి కొంచెం తీసి వెలుతురుకు ఎత్తి చూడండి. 100 ఎల్ఎల్ అవ్‌గ్యాస్, అంటే ఈ విమానంలో పోసే పెట్రోలు, లేత నీలంగా ఉంటుంది. నీళ్లుంటే రంగులేని బుడగలా అడుగున కూర్చుంటాయి. కప్పంతా ఒకే తీరుగా కనిపించినా రంగు లేకపోతే మోసపోవద్దు, మొత్తం నీళ్లే కావచ్చు. వానాకాలంలో సగం ట్యాంకుతో రాత్రంతా ఉన్న విమానంలో ఈ చిక్కు ఎక్కువ. క్యాబిన్‌లోని మీటర్లను నమ్మకండి. రెక్క పైకెక్కి మూత తీసి డిప్‌స్టిక్ ముంచి చూడాల్సిందే. మూత బిగించడం మరిచిపోతే గాల్లో ఇంధనం బయటికి పీల్చుకుపోతుంది.

ఆయిల్: 4 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ) కంటే తక్కువుంటే ఎగరకూడదు. సంప్, అంటే ఆయిల్ తొట్టి, నిండితే 6.

వేగం మీటరుకు గాలి అందించే పిటో గొట్టం మీద తొడుగు తీశారా? ఎడమ పక్కన ఉండే స్టాటిక్ రంధ్రం తెరుచుకుని ఉందా? వాన తర్వాత కందిరీగలు ఈ రెండింట్లో మట్టి గూడు కడతాయి. అలా కడితే ఎయిర్‌స్పీడ్ మీటరు రన్‌వే మీదే అబద్ధం చెబుతుంది. ఇంజిన్ కౌలింగ్ (పైకప్పు) లోపల పిచ్చుక గూళ్ల కోసం టార్చి వేసి చూడండి. టైర్లు ముందుది 30, వెనకవి 21 పీఎస్‌ఐ.

ప్రొపెల్లర్‌ను స్విచ్ ఆఫ్‌లో ఉన్నా బతికున్నదానిలాగే చూడాలి. మ్యాగ్నెటో తీగ తెగి ఉంటే ఆఫ్‌లో పెట్టినా ఇంజిన్ అందుకోవచ్చు.

5. స్టార్ట్, టాక్సీ, రన్-అప్

కూర్చున్నాక మొదటి పని సీటు పట్టాలో లాక్ పడిందో లేదో ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపి చూడటం. ఇది చాదస్తం కాదు. టేకాఫ్ పరుగులో సీటు వెనక్కి జారితే చేతిలో ఉన్న యోక్‌ను పట్టుకుని వేలాడతారు, ముక్కు లేస్తుంది, పెడల్స్ అందవు. సెస్నా చిన్న విమానాల్లో దీనివల్ల ప్రాణాలు పోయిన ప్రమాదాలున్నాయి.

స్టార్ట్ అయ్యాక 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ పచ్చగీత దాకా రాకపోతే ఇంజిన్ ఆపేయండి. టాక్సీలో, అంటే విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు, కారు అలవాటున్నవాళ్లు యోక్‌ను స్టీరింగ్‌లా తిప్పుతారు. నేల మీద దిశ మార్చేవి కాళ్లు. నడక వేగం చాలు. ఎదురుగాలి ఒక పక్కనుంచి వస్తే యోక్ అటువైపు తిప్పండి. వెనకనుంచి వస్తే గాలికి అవతలి వైపు తిప్పి కాస్త ముందుకు తోయండి.

రన్-అప్, అంటే ఎగిరేముందు ఇంజిన్ పరీక్ష, 1,700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద. ఒక్కో మ్యాగ్నెటో మీద 125 కంటే ఎక్కువ పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. విద్యార్థులు పట్టించుకోనిది ఒకటుంది: ఒక పక్కకు తిప్పినా ఆర్‌పీఎం అసలు పడకపోతే అది సంతోషించాల్సిన విషయం కాదు. రెండో మ్యాగ్నెటో ఆఫ్ కావడం లేదన్నమాట. వెనక్కి తిప్పి ఇంజినీరుకు చూపించాలి. కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే మీట) లాగితే ఆర్‌పీఎం కాస్త పడాలి, తోస్తే మళ్లీ రావాలి.

6. టేకాఫ్

మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు) రిచ్, అంటే ఇంధనం ఎక్కువ; కార్బ్ హీట్ కోల్డ్, అంటే వేడిగాలి ఆఫ్. థ్రాటిల్‌ను రెండు మూడు సెకన్లలో పూర్తిగా తోయండి. ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి పెడల్ వెంటనే, అవసరమైనంతే. చూపు రన్‌వే చివర ఉండాలి. "ఎయిర్‌స్పీడ్ కదిలింది, ఇంజిన్ మీటర్లు పచ్చలో" అని పైకి అనడం అలవాటు చేసుకోండి. 50 నాట్ల దగ్గర యోక్ మెల్లగా వెనక్కి. నేల వదిలాక 67 నాట్లతో ఎక్కండి.

7. సర్క్యూట్: అసలు కథ ఇక్కడుంది

నేల నుంచి 500 అడుగులు ఎక్కాక క్రాస్‌విండ్ మలుపు (రన్‌వేకు అడ్డంగా తిరిగే మొదటి మలుపు), వంపు 15–20 డిగ్రీలు. 1,000 అడుగుల దగ్గర సమతలం. బేగంపేటలో అయితే సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే ఆల్టిమీటరు మీద 2,750 దగ్గర ఉంటుంది. పవర్ 2,200–2,300 ఆర్‌పీఎంకు తగ్గించి ట్రిమ్ చేయండి. ఈ ట్రిమ్ ఎగ్గొడితే డౌన్‌విండ్ అంతా ఎత్తుతో కుస్తీ పట్టాలి. దానితో రేడియో కాల్ మరిచిపోతారు, చెక్స్ మరిచిపోతారు, రన్‌వే చివర ఎప్పుడు దాటిందో గమనించరు.

డౌన్‌విండ్ రన్‌వేకు ఎంత దూరంలో ఉండాలి? రెక్క కింద ఏటవాలుగా ఉండే స్ట్రట్ మీద, సగం నుంచి మూడింట రెండు వంతుల ఎత్తులో రన్‌వే కనిపించాలి. మీ కూర్చునే ఎత్తును బట్టి ఇది కాస్త మారుతుంది. మొదటి డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండే) సర్క్యూట్లలోనే ఇన్‌స్ట్రక్టర్ "ఇదిగో సరైన దూరం" అన్నప్పుడు స్ట్రట్ మీద ఆ గుర్తు చూసి పెట్టుకోండి. ఊళ్లో ఫలానా నీళ్ల ట్యాంకు మీదుగా, ఫలానా అపార్ట్‌మెంట్ దగ్గర బేస్ అని బట్టీపట్టేవాళ్లు రన్‌వే దిశ మారగానే, లేదా ఇంకో ఎయిర్‌ఫీల్డ్‌కు వెళ్లగానే తెల్లమొహం వేస్తారు.

రేడియోలో ఎవరు, ఎక్కడ, ఏం కావాలి అన్నదే వరస. కాల్‌సైన్, "డౌన్‌విండ్, రన్‌వే టూ సెవెన్, టచ్ అండ్ గో (దిగి, ఆగకుండానే మళ్లీ లేవడం)." అంతే. టవర్ చెప్పింది తిరిగి చదవండి. మాట వెతుక్కోవాల్సి వస్తే బటన్ నొక్కకముందే వెతుక్కోండి. డౌన్‌విండ్ చెక్స్ కూడా ఇక్కడే: బ్రేకులు, ఇంధనం వాల్వ్ ఆన్, మిక్స్చర్ రిచ్, బెల్టులు.

రన్‌వే మొదలు మీ పక్కకు రాగానే కార్బ్ హీట్ ఆన్, ఆ తర్వాత పవర్ 1,500. ఈ వరస తారుమారు చేయొద్దు. థ్రాటిల్ మూసిన కార్బ్యురేటర్‌లో గాలి చల్లబడి, తేమ ఎక్కువున్న రోజు లోపల మంచు కడుతుంది. జూలైలో, బయట 25 డిగ్రీలున్నా ఇది జరుగుతుంది. వేగం 85 లోపు పడ్డాక ఫ్లాప్ 10, వేగం 70, ట్రిమ్.

రన్‌వే మొదలు మీ భుజం వెనక 45 డిగ్రీల్లో కనిపించినప్పుడు బేస్‌కు తిరగండి. బేస్‌లో ఫ్లాప్ 20, వేగం 65. ఇక్కడ మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎత్తు ఎక్కువా, తక్కువా? ఎక్కువైతే పవర్ ఇప్పుడే తగ్గించండి. ఫైనల్‌లో (రన్‌వేకు నేరుగా దిగే చివరి భాగం) దిద్దుకుందాం అనుకుంటే అప్పటికి చేతిలో సమయం ఉండదు.

ఇక గాలి సంగతి. నైరుతి రుతుపవనాల రోజుల్లో 27 రన్‌వే (పడమర ముఖంగా లేచి దిగేది), ఎడమ సర్క్యూట్ (మలుపులన్నీ ఎడమకు) అనుకుందాం. డౌన్‌విండ్‌లో తూర్పుకు పోతుంటే నైరుతి గాలి మిమ్మల్ని రన్‌వే వైపు తోస్తుంది. ముక్కు కాస్త కుడికి, గాలివైపు పెట్టకపోతే దగ్గరైపోతారు. బేస్‌లో ఉత్తరానికి తిరగగానే అదే గాలి వెనకనుంచి నెడుతుంది. బేస్ పొట్టిదవుతుంది, ఫైనల్ మలుపు ఆలస్యమై సెంటర్‌లైన్ దాటిపోతారు. అప్పుడు వంపు ఎక్కువైందన్న భయంతో ఎడమ కాలు తొక్కి ముక్కును లోపలికి లాగాలనిపిస్తుంది. 500 అడుగుల దగ్గర, వేగం తక్కువున్నప్పుడు ఈ పని చేస్తే లోపలి రెక్క ముందు స్టాల్ అయి విమానం స్పిన్‌లో, అంటే గింగిరాలు తిరుగుతూ, పడుతుంది. తేరుకోవడానికి ఎత్తు చాలదు. లెక్క చూడండి: ఫ్లాప్ లేకుండా స్టాల్ వేగం 40, 30 డిగ్రీల వంపులో 43, 45లో 47 దాటుతుంది, 60లో దాదాపు 57. కాబట్టి ఫైనల్ మలుపులో వంపు 30 దాటనివ్వకండి. సెంటర్‌లైన్ దాటారా, దాటనివ్వండి. మెల్లగా తిరిగి రండి, కుదరకపోతే గో-అరౌండ్, అంటే దిగడం మానుకుని మళ్లీ ఎక్కడం.

8. ఫైనల్

ఫ్లాప్ 30, వేగం 60. రన్‌వే మొదట్లో ఒక గుర్తు ఎంచుకోండి. అద్దంలో ఆ గుర్తు పైకి జరుగుతుంటే మీరు దానికి ముందే నేలకు తగులుతారు, పవర్ కావాలి. కిందికి జరుగుతుంటే దాటిపోతారు, పవర్ తగ్గించాలి. కదలకుండా పెద్దదవుతుంటే సరిగ్గా వస్తున్నారు. ముక్కుతో వేగం, థ్రాటిల్‌తో దిగే దారి. ఎత్తు ఎక్కువైందని ముక్కు కిందికి గుచ్చితే వేగం 75 అవుతుంది, ఆ అదనపు వేగమంతా నేల మీద తేలుతూ ఖర్చు చేయాలి.

9. ఫ్లేర్

15–20 అడుగుల దగ్గర చూపును గుర్తు మీదనుంచి తీసి రన్‌వే చివరికి వేయండి. ముక్కు ముందున్న నేలను చూస్తే అది పరుగెత్తుకొస్తున్నట్టుంటుంది, ఎత్తులోనే ఫ్లేర్ చేసేస్తారు, అంటే దిగడం ఆపడానికి ముక్కు ఎత్తేస్తారు. మెల్లగా పవర్ మూస్తూ విమానాన్ని సమతలానికి తెచ్చి, అది దిగబోతుంటే యోక్ కాస్త వెనక్కి, మళ్లీ దిగబోతుంటే ఇంకాస్త వెనక్కి. దింపాలని చూడకండి, దిగనివ్వకుండా పట్టుకోండి. స్టాల్ హార్న్ కూస్తుంటే వెనక చక్రాలు తాకాలి. ముందు చక్రం దానంతట అది దిగేదాకా యోక్ వదలొద్దు.

జెట్లు దిగే వెడల్పాటి రన్‌వే మీద నేర్చుకున్నవాళ్లకు సన్నటి స్ట్రిప్ మీద ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తులో ఉన్నామనిపిస్తుంది, అందుకే తక్కువగా వస్తారు. సన్నటిదాని మీద నేర్చుకున్నవాళ్లకు దీనికి ఎదురు.

పైకి తేలిపోతే యోక్ ముందుకు తోయడం పెద్ద తప్పు. కొద్దిగా తేలితే ముక్కును అక్కడే ఉంచి చిటికెడు పవర్ ఇచ్చి మళ్లీ దిగనివ్వండి. బాగా తేలినా, గట్టిగా ఎగిరిపడినా గో-అరౌండ్. ఎగిరిపడినప్పుడల్లా ముక్కు తోస్తే ముందు చక్రం కొట్టుకుని ఇంకా పైకి లేస్తుంది. రెండు మూడు దెబ్బల్లో ముందు చక్రం విరగొచ్చు, ప్రొపెల్లర్ నేలకు తగలొచ్చు.

10. గో-అరౌండ్

ఫుల్ థ్రాటిల్, కార్బ్ హీట్ కోల్డ్, ఫ్లాప్ వెంటనే 20కి. ముక్కు ఎక్కువ లేవకుండా గట్టిగా పట్టుకుని 55 నాట్లు. ఎక్కుతున్నామని తేలాక మిగతా ఫ్లాప్ మెల్లగా తీయండి. 30 ఫ్లాప్‌తో 152 వేసవిలో సరిగా ఎక్కదు. అన్నీ ఒక్కసారి తీస్తే మునుగుతుంది. గో-అరౌండ్ చేస్తే ఇన్‌స్ట్రక్టర్ తప్పుపడతారని కొందరు సంకోచిస్తారు. నిజానికి అడగకుండా గో-అరౌండ్ నిర్ణయం తీసుకున్నవాడికే సోలో తొందరగా ఇస్తారు.

11. ఇంజిన్ ఆగితే

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే ముక్కు దించి 60 నాట్లు, ఎదురుగా కనిపించినచోట, కాస్త అటూఇటూ తిరిగి దిగడమే. రన్‌వేకు వెనక్కి తిరగాలన్న ఆశ వద్దు. 180 డిగ్రీలు తిరిగితే చాలదు, రన్‌వే మీదికి రావాలంటే ఇంకా తిరగాలి. సమయం ఉంటే మిక్స్చర్, ఇంధనం, మ్యాగ్నెటో ఆఫ్, ఫ్లాప్ అవసరాన్ని బట్టి, చివరికి మాస్టర్. ప్రతి టేకాఫ్ ముందు ఈ వరస పైకి చెప్పుకోండి. డౌన్‌విండ్‌లో ఆగితే రన్‌వే అందుతుంది, సర్క్యూట్ దూరంగా వేయకుండా ఉంటే.

12. సోలో రోజు

ముందు చెక్ సార్టీ, తరచుగా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో. తర్వాత ఆయన దిగి, కుడి బెల్టు బిగించి కట్టి తలుపు వేస్తారు. ఆ బెల్టు మీరూ చూడండి; వదులుగా ఉంటే యోక్‌కు చిక్కుకుంటుంది.

విమానం 70–80 కిలోలు తేలికైంది, మొత్తం బరువులో దాదాపు పదో వంతు. ముందే లేస్తుంది, గబగబా ఎక్కుతుంది. క్రాస్‌విండ్ పూర్తికాకముందే 1,000 అడుగులు వచ్చేస్తే ఆశ్చర్యపోకండి, సమతలం చేసి పవర్ తగ్గించండి. పక్కన బరువు లేక ఎడమకు కాస్త వంగాలని చూస్తుంది. ఫైనల్‌లో అదే 1,500 పవర్‌తో దిగడం మందగిస్తుంది, ఫ్లేర్‌లో ఎక్కువ దూరం తేలుతుంది. ఓపిక పట్టండి, రన్‌వే చాలినంత ఉంది. గద్దలు కనిపిస్తే వాటి పైనుంచి పోవడానికి చూడండి. బెదిరిన పక్షి ఎక్కువగా కిందికే జారుతుంది.

దిగాక బకెట్లతో నీళ్లు పోసే ఆచారం చాలా క్లబ్బుల్లో ఉంది. ఫోన్, లాగ్‌బుక్ ముందే ఎవరికైనా ఇచ్చేయండి.

13. ఆ తర్వాత

సార్టీ వివరాలు అదే రోజు లాగ్‌బుక్‌లో ఎక్కించి సంతకం పెట్టించుకోండి. నెలాఖరుకు కుప్పగా రాస్తే క్లబ్ రికార్డుతో సమయాలు కలవవు, లైసెన్సు దరఖాస్తు వెనక్కి వస్తుంది. మొదటి సోలో తర్వాత కొన్నాళ్లు ప్రతి సోలోకు ముందు డ్యూయల్ చెక్ ఉంటుంది. పక్కగాలి ల్యాండింగ్‌లు ఈ దశలో నేర్చుకోవాలి. 152కు పరీక్షించి చూపిన పక్కగాలి 12 నాట్లు, విద్యార్థికి క్లబ్ పెట్టే పరిమితి సాధారణంగా అంతకంటే తక్కువ. ప్రైవేట్ లైసెన్సుకు మొత్తం 40 గంటలు, అందులో సోలో 20. వాటిలో 5 గంటలు క్రాస్‌కంట్రీ (వేరే ఎయిర్‌ఫీల్డులకు దూర ప్రయాణం) సోలో, ఒక ప్రయాణం కనీసం 150 నాటికల్ మైళ్లు, దారిలో రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డుల్లో పూర్తిగా ఆగే ల్యాండింగ్‌లు. ఆ క్రాస్‌కంట్రీకి మ్యాపు మీద గీత గీయడం ఎలాగో సర్క్యూట్లు తిప్పుతున్నప్పుడే, వాన వల్ల ఫ్లయింగ్ ఆగిన రోజుల్లో మొదలుపెట్టండి.